చూచి కొనవలసిన ఇల్లు
(లోపములు, మరమ్మతులు, వాని వెలలు)

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెతను ఎరుగనివారు మనలో ఉండరు. ఈ సామెతలోని 'చూడు' అను మాటకు అనుభవించి తెలిసికొనుమని అర్థము. కన్నులతో చూచుట అందులో లేదు. అందువలననే కాబోలు, మన మధ్యతరగతి కుటుంబములలో ఇల్లు కొనువారు పత్రములను చూతురు, వీధిని చూతురు, గుమ్మము ఏ దిక్కున ఉన్నదో చూతురు, ధరను పదిసార్లు చూతురు. ఇంటిని మాత్రము చూడరు. చీర కొనునపుడు అంచు తిప్పి చూచు చేయి, కుండ కొనునపుడు మ్రోగించి చూచు వ్రేలు, ఇరువది యేండ్లు కూడబెట్టిన ధనముతో ఇల్లు కొనునపుడు ముడుచుకొని కూర్చుండును.

గడచిన వేసవిలో మేము కర్నూలు పాత పట్టణమున ఒక చిన్న ఇంటిని కొనదలచి చూడబోయితిమి. మేమొక్కరమే పోయి ఉన్నచో గోడల రంగును మెచ్చుకొని తిరిగి వచ్చి ఉండెడివారము. దైవవశమున, నలువది యేండ్లుగా తాపీ పట్టిన ఒక ముసలి మేస్త్రి మాకు తోడు వచ్చెను. ఆయనను మేము 'చాచా' అని పిలుతుము. ఆ ఒక్క పూటలో ఆయన వెంట తిరిగి నేర్చిన దానిని, తరువాత పుస్తకములు తిరగవేసి తెలిసికొన్న దానిని కలిపి మన విద్యార్థుల కొరకు ఇచట వ్రాయుచున్నాము. మీలో అనేకులు మరి పది పదునైదేండ్లలో ఇల్లు కొనువారు. ఈనాడే మీ తల్లిదండ్రుల ఇంటిలో నివసించుచున్నవారు. కనుక ఈ విషయము మీకు దూరమైనది కాదు.

తెలుగు బోధించువారము గనుక ఒక్క మాట చెప్పి ముందునకు సాగెదము. 'పునాది' అను పదము ఫారసీ 'బునియాద్' నుండి వచ్చినది. 'మరమ్మతు' అరబ్బీ మాట. 'మేస్త్రి' పోర్చుగీసు వారి నుండి వచ్చినది. 'సున్నము' సంస్కృత 'చూర్ణ' శబ్దమునకు వికృతి. ఒక ఇల్లు నిలబడుటకు ఇన్ని భాషలవారు చేయి వేసిరి. ఆ ఇంటిని కాపాడుకొనుటకు కావలసిన జ్ఞానము కూడ ఏ ఒక్కరి సొత్తును కాదు.

మేము చూచిన ఇంటిలో ముందరి రెండు గదులు పూర్వపు మిద్దె. మట్టితో పేర్చిన రాతిగోడలు, కట్టె దూలములు, మట్టి పైకప్పు. వెనుక గదియు స్నానపు గదియు ముప్పది యేండ్ల క్రిందట కట్టిన సిమెంటు స్లాబు. ఇల్లంతయు క్రొత్తగా రంగు వేయబడి ఉన్నది. మధ్యవర్తి ఆ రంగును చూపి సంబరపడుచుండగా చాచా మెల్లగా, "సార్, రంగును చూడొద్దు. ఇంటి నిండా పాతదయ్యుండి ఒక్క రంగే కొత్తదైతే, ఆ రంగు కింద ఏముందో చూడాలి" అనెను. ఆయన చేతిలో ఉన్న సాధనములు నాలుగే: ఒక చిన్న సుత్తి, ఒక టార్చిలైటు, గుండు దారము, ఒక స్క్రూడ్రైవరు.

పైకప్పు

చాచా మొదట గదులలోనికి పోలేదు, మిద్దె ఎక్కెను. ఇంటికి కలుగు వ్యాధులలో అధిక భాగము నీటి వలననే వచ్చునని, ఆ నీటిలో అధిక భాగము పైనుండియే దిగునని ఆయన సిద్ధాంతము. లెక్క వేసి చూచిన ఇది నిజమే. నూరు చదరపు అడుగుల కప్పు పైన ఒక్క అంగుళము వాన పడినచో అది 236 లీటర్ల నీరు. పది పన్నెండు కడవలకు మించిన ఆ నీరంతయు పోవుటకు ఉన్న త్రోవ ఒక చిన్న గొట్టము. అందులో ఎండుటాకులు, పావురముల ఈకలు అడ్డుపడినచో నీరు నిలిచి, తనకు తానే మరియొక త్రోవ వెదకుకొనును.

మన రాయలసీమ మిద్దెలపై పూర్వులు చవుడు మట్టి పోయుట మీరు చూచియుందురు. ఇది మూఢాచారము కాదు. చవుడులో సోడియము లవణములు హెచ్చు. ఆ లవణముల వలన మట్టిలోని సన్నని రేణువులు తడిసినంతనే ఉబ్బి విడివడి, నడుమనున్న సందులను మూసివేయును. మొదటి వానకే కప్పు తనను తాను బిగించుకొనును. అందుకే మృగశిర కార్తెకు ముందు ప్రతి ఏడును చవుడు పోసి దిమ్మిస చేయు వాడుక ఏర్పడినది.

అయితే ఈ మంచి వాడుకలో ఒక ప్రమాదము దాగి ఉన్నది. పాత మట్టిని తీయకయే ఏటేట క్రొత్త మట్టిని పోయుచుండుట వలన కప్పు మందము పెరుగుచు పోవును. ఒక అడుగు మందముగల మట్టి నూరు చదరపు అడుగుల మేర సుమారు నాలుగున్నర టన్నులు తూగును. తడిసినచో ఇంకను హెచ్చు. ఆ బరువంతయు దూలములపైనే పడును. దూలము నడిమి భాగము పైకి కనబడును గనుక దాని వంపును ఎవరైనను గుర్తింతురు. చాచా మాత్రము దూలము గోడలోనికి చొచ్చుకొనిపోయిన చోట స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూచెను. ఒక దూలమున మొన అంగుళము లోతు దిగిపోయినది. గోడ చెమ్మ తగిలి కట్టె కొసలోనే కుళ్ళునని, నడిమి భాగము గట్టిగా ఉండి మోసగించునని ఆయన చెప్పెను.

పిట్టగోడ మూలను వ్రేలెడు రావి మొలక ఒకటి ఉన్నది. దానిని పెరికి వేయుటకు ఈనాడు పైసా ఖర్చు లేదు. మూడేండ్లు గడచినచో పిట్టగోడను విప్పి మరల కట్టవలసి వచ్చును.

గోడల చెమ్మ

దీనినే మన ఇండ్లలో ఉర్దూ మాటలాడువారు 'సీలన్' అందురు. దీపపు వత్తి నూనెను పైకి పీల్చుకొనునట్లు రాయి, ఇటుక, సున్నము నేలలోని నీటిని పైకి పీల్చుకొనును. సాధారణముగా ఈ చెమ్మ మూడడుగుల ఎత్తు వరకు ఎక్కును. నీటితో కూడ ఉప్పు కూడ ఎక్కును. నీరు ఆవిరి కాగా ఉప్పు మిగిలి, స్ఫటికములై, పూత వెనుక నుండి త్రోయును. గోడ అడుగున సున్నము పొరలు పొరలుగా రాలుటకు ఇదియే కారణము. క్రొత్త కట్టడములలో పునాది పైన, గోడ ఆరంభమునకు ముందు, నీటిని అడ్డగించు ఒక సన్నని కాంక్రీటు పొరను వేయుదురు. పాత ఇండ్లలో ఆ పొర ఉండదు.

మన పట్టణపు గోడలకు మరియొక చరిత్ర కూడ కలదు. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచెత్తినవి. మట్టితో పేర్చిన రాతిగోడల అడుగున ఆనాడు నీరు నిలిచి, రాళ్ళ నడిమి మట్టిని కరిగించి తీసికొనిపోయినది. పైన పూత పూసిన తరువాత రాళ్ళ సందులు బయటికి కనబడవు. సుత్తితో మెల్లగా తట్టి చూచినచో పూత లోపల డొల్ల పలుకును.

ఇచట అనేకులు చేయు పొరపాటు ఒకటి ఉన్నది. చెమ్మ కనబడగానే సున్నపు పూతను చెక్కివేసి సిమెంటు పూత పూయింతురు. సిమెంటు గట్టిది గనుక చెమ్మ ఆగునని వారి నమ్మకము. సున్నపు పూత గాలి పీల్చుకొనుచు, గోడలోని తేమను ఆవిరిగా వెలుపలికి పంపుచుండును. సిమెంటు ఆ త్రోవను మూసివేయును. మూడడుగుల ఎత్తున ఆగిన చెమ్మ త్రోవ దొరకక నాలుగు, ఐదు అడుగులకు ఎక్కును. పూర్వులు కరక్కాయ, బెల్లపు నీరు కలిపి సున్నమును నూరి పూసిన గోడలు ఈనాటికిని పొడిగా నిలిచియుండుట మనము పాత కట్టడములలో చూచుచున్నాము. కనుక మొదట చేయవలసినది నీటికి మూలమును కనుగొనుట. వీధి ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైనదా, కాలువ గోడను ఆనుకొని పారుచున్నదా, కుళాయి గొట్టము లోపల కారుచున్నదా అని చూడవలెను. ఆ మూలమును ఆపి, గోడను కొన్ని నెలలు ఆరనిచ్చి, ఆ తరువాతనే పూత పూయవలెను.

పగుళ్ళు

పగులును చూచినంతనే భయపడువారు కొందరు. ఎంత పగిలినను రంగు పూసి మరచువారు కొందరు. రెండును తగవు. పూత పైన సాలెగూడు వలె పరచుకొన్న వెండ్రుకవంటి పగుళ్ళు పూత ఆరునపుడు ఏర్పడునవి. వాని వలన ఇంటికి హాని లేదు. పాత గోడయు క్రొత్త గోడయు కలియుచోట నిలువుగా వచ్చు పగులు, రెండింటి పునాదులు వేరువేరుగా క్రుంగుట వలన వచ్చును. కిటికీ మూల నుండి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పోవు పగులును మాత్రము తేలికగా తీసికొనరాదు. అది పునాది కదలికకు గుర్తు. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటినను, తలుపులు కిటికీలు పట్టుకొని మూయరాకున్నను, ఇంజనీరును పిలువవలెను.

నల్లరేగడి నేలలలో ఈ పగుళ్ళు హెచ్చు. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనిపోవును. ఇల్లు ఏటేట ఊపిరి పీల్చి వదలునట్లు పైకి క్రిందికి కదలును. ఇట్టి నేలల కొరకే రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ వారు అడుగున గంటవలె వెడల్పైన ప్రత్యేకపు పునాది స్తంభములను ప్రచారమునకు తెచ్చిరి. కట్టిన ఇంటికి అట్టి పునాది వేయలేము గాని, గోడ చుట్టును నీరు నిలువకుండ బండలు పరచుట, గోడ ప్రక్కన పెద్ద చెట్లను పెంచకుండుట మన చేతిలోని పనులు. బేతంచెర్ల నాపరాళ్ళు మనకు దూరము కావు.

పగులు నిలిచిపోయినదో, ఇంకను నడచుచున్నదో తెలిసికొనుటకు చాచా చూపిన ఉపాయము చవుకైనది. పగులుకు అడ్డముగా ఒక చిన్న సిమెంటు ముద్దను పలుచగా అంటించి, దానిపై తేదీ వ్రాసెను. ఆ ముద్ద ఒక ఎండకాలము, ఒక వానకాలము గడచిన తరువాత కూడ చెక్కు చెదరకున్నచో పగులు నిద్రించుచున్నది. ముద్ద కూడ పగిలినచో రోగము నడచుచున్నది.

స్లాబులోని ఇనుము

వెనుక గదిలోనికి పోయినపుడు జరిగిన దానిని చెప్పవలెను. ఆ గదిలో ఇంటి యజమానురాలు, డెబ్బది దాటిన ఒక వృద్ధురాలు, మంచముపై కూర్చుండి ఉండెను. భర్త గతించెను; కుమారులు పరదేశమున ఉన్నారు. చాచా సలాము చేసి, కఱ్ఱ కొసతో స్లాబు అడుగు భాగమును మెల్లగా తట్టుచు వచ్చెను. గట్టి శబ్దము వచ్చుచున్నది. మంచము పైభాగమునకు రాగానే శబ్దము మారినది. పగిలిన కుండ పలికినట్లు డొల్ల పలికినది. చాచా తట్టుట ఆపి, "ఖాలా, మీరు లేచి ముందు గదిలో కూర్చోండి. ఈ మంచం ముందు ఇక్కడినుంచి తీయాలి" అనెను. మేమును మధ్యవర్తియు కలిసి మంచమును మార్చితిమి. ఆ తరువాత ఆయన సుత్తితో రెండు దెబ్బలు వేయగా, అరచేతి మందమున, రెండడుగుల మేర పెచ్చు క్రింద పడినది. అప్పటి వరకు ధరను గురించి బేరమాడుచున్న మా నోట మాట రాలేదు.

ఇట్లు ఏల జరుగును? క్రొత్త కాంక్రీటు గట్టి క్షారము, దాని పి.హెచ్. విలువ 12కు పైన ఉండును. ఆ క్షారములో ఉన్నంత కాలము ఇనుము త్రుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి కాంక్రీటులోనికి చొరబడి ఆ క్షార గుణమును తగ్గించుచు వచ్చును. పి.హెచ్. 9కి దిగజారిన పొర ఇనుమును తాకినపుడు, అచట తేమ కూడ ఉన్నచో, త్రుప్పు మొదలగును. త్రుప్పు తాను తినివేసిన ఇనుము కంటె రెండు మొదలు ఆరు రెట్ల చోటును ఆక్రమించును. లోపలి నుండి ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోవును.

దీనికి మూలము కట్టిననాడే ఉండును. స్లాబులో ఇనుప కమ్మికి క్రింద కనీసము 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. కమ్మి క్రింద చిన్న సిమెంటు బిళ్ళ పెట్టుట మరచినచో కమ్మి పలకను తాకును, కప్పు ఉండదు. స్లాబు వేసిన పిదప కనీసము ఏడు దినములు, మనవంటి వేడి ప్రదేశములలో పది దినములు, తడుపవలెను. నీరు దొరకలేదనియో, శ్రద్ధ లేకయో మూడు దినములకే ఆపినచో కాంక్రీటు గుల్లబారి గాలికి త్రోవ ఇచ్చును. ఈ ఇంటిలో స్నానపు గది గొట్టపు అతుకు నుండి నీరు గోడ వెంట కారి స్లాబులోనికి దిగుచుండుట తోడైనది.

మరమ్మతు విధానము ఇది. స్లాబునకు ముందుగా పోటు కఱ్ఱలు నిలిపి, ఊడిన కాంక్రీటును చెక్కి, కమ్మి వెనుక వరకు శుభ్రపరచి, త్రుప్పును గీకి, త్రుప్పు నివారించు పూత పూసి, ఆ తరువాత పాలిమరు కలిపిన గారతో నింపవలెను. నీరు కారుటను ముందుగా ఆపవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. ఇవేవియు చేయక పైపైన సిమెంటు పూత పూయించినచో కనబడు లోపము కనబడని లోపమగును. అంతకంటె ప్రమాదము లేదు.

విద్యుత్తు, చెదలు

పాత ఇండ్లలో తీగెలు రెండే పోవును. భూమికి కలుపు మూడవ తీగె ఉండదు. మూడు రంధ్రముల ప్లగ్గును చూచి మూడవ తీగె ఉన్నదని నమ్మరాదు. ఫ్యూజు కాలిపోయినపుడు సన్నని తీగెకు బదులు లావుపాటి రాగి తీగె చుట్టుట మన ఇండ్లలో పరిపాటి. అది కాపలావానిని నిద్రపుచ్చి దొంగకు తలుపు తెరచుట. తీగెలు వేడెక్కినను ఆ ఫ్యూజు తెగదు. నీరు కాచు యంత్రము, దుస్తులుతుకు యంత్రము వచ్చిన ఇంటిలో 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారి తప్పినను వెంటనే ప్రవాహమును ఆపివేయు స్విచ్చి తప్పక ఉండవలెను. దాని వెల కొద్ది వేల రూపాయలు మాత్రమే.

ద్వారబంధముల అడుగున మట్టితో చేసిన సన్నని గొట్టముల వంటి దారులు కనబడినచో అవి చెదల బాటలు. కట్టెను తట్టి చూడవలెను. పైన రంగు నిగనిగలాడుచు లోపల కాగితమువలె మిగిలిన ద్వారబంధములను ఆ దినమున రెండింటిని చూచితిమి.

వెలల చీటీ

చాచా చెప్పగా మేము వ్రాసికొన్న చీటీని ఇచట ఇచ్చుచున్నాము. ఇవి ఒక ఇంటి లెక్కలు. ఊరిని బట్టి, కాలమును బట్టి మారును. అయినను ఏ పనికి ఏ మాత్రము పట్టునో పోల్చుకొనుటకు ఉపకరించును.

మిద్దె పాత మట్టిని దింపి, రెండు దూలములు మార్చి, మరల చవుడు వేయుటకు: 50,000 రూపాయలు.
కాలువ సరిచేసి, గోడల అడుగున మట్టి సందులు నింపి, సున్నపు పూత పూయుటకు: 25,000 రూపాయలు.
వెనుక స్లాబు మరమ్మతు, పైన నీరు దిగని పూత, స్నానపు గది గొట్టము: 35,000 రూపాయలు.
తీగెలన్నియు మార్చి, భూమికి కలిపి, రక్షణ స్విచ్చి అమర్చుటకు: 40,000 రూపాయలు.
రెండు ద్వారబంధములు, చెదల మందు: 20,000 రూపాయలు.
పగులునకు ఇప్పుడు ఖర్చు లేదు. ఏడాది చూచిన పిదప అవసరమునకు: 10,000 రూపాయలు.

మొత్తము 1,80,000 రూపాయలు. పాత ఇంటిని విప్పినపుడు అనుకొననివి బయటపడును గనుక నూటికి పది చొప్పున 18,000 కలిపి 1,98,000 రూపాయలని తేలినది.

ఈ చీటీని చదివినపుడు మాకు తోచినది ఒక్కటే. ఇందులో ఒక్క తీగెల పని తప్ప మిగిలినవన్నియు ఒకానొకనాడు చిన్న పనులు. గొట్టపు అతుకు కారుట మొదలైననాడు కొళాయి పనివానికి ఒక పూట కూలి సరిపోయెడిది. మిద్దె పాత మట్టిని అప్పుడప్పుడు తీయించి ఉన్నచో దూలములు వంగియుండవు. 1984లో డి సిట్టర్ అను ఇంజనీరు కాంక్రీటు కట్టడములకు అయిదింతల సూత్రము ఒకటి చెప్పెను. కట్టునపుడు ఒక రూపాయితో సరిపోవు జాగ్రత్తను విడిచినచో, లోపము మొలకెత్తునపుడు అయిదు, అది పెరిగినపుడు ఇరువదియైదు, ముదిరినపుడు నూటయిరువదియైదు రూపాయలగునని దాని సారాంశము. ఇది కొలిచి తేల్చిన లెక్క కాదు, అనుభవపు లెక్క. అయినను మరమ్మతు వెలను లోపము కంటె మన ఆలస్యమే ఎక్కువగా నిర్ణయించునని ఈ సూత్రము చక్కగా తెలుపుచున్నది.

చెప్పవలసిన బాధ్యత

లోపమును చెప్పవలసినవారు ఎవరు? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ విభాగము ప్రకారము, తనకు తెలిసి కొనువానికి తెలియని ముఖ్య లోపమును అమ్మువాడు చెప్పితీరవలెను. అయితే ఆ చట్టమే ఒక షరతు పెట్టినది: కొనువాడు సాధారణ శ్రద్ధతో కనుగొనలేని లోపములకే ఈ నియమము. అనగా సాధారణ శ్రద్ధతో చూచుట కొనువాని పని. మిద్దె ఎక్కకుండ, గోడ తట్టకుండ కొని, తరువాత చట్టమును ఆశ్రయించినచో ఫలము ఉండకపోవచ్చును. క్రొత్త అపార్టుమెంట్ల విషయమున 2016 నాటి స్థిరాస్తి చట్టము మరికొంత రక్షణ ఇచ్చినది. ఆ చట్టము వర్తించు కట్టడములలో, స్వాధీనము చేసిన అయిదేండ్లలోపల కట్టడపు లోపములను తెలియజేసినచో, కట్టినవారు 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. ఇది తెలియక సొంత ధనముతో మరమ్మతులు చేయించుకొనువారు కలరు.

చట్టమునకు పూర్వమే ధర్మము ఈ మాట చెప్పినది. దైవప్రవక్త ఒకనాడు అంగడిలో ధాన్యపు రాశి యొద్ద నిలిచి, దానిలోనికి చేయి చొప్పించగా వ్రేళ్ళకు తడి తగిలినదని, వానకు తడిసినదని వర్తకుడు చెప్పగా, మరి ఆ తడిసిన దానిని జనులు చూచునట్లు పైన ఏల ఉంచలేదని ఆయన ప్రశ్నించెనని హదీసులలో కలదు. రంగు క్రింద దాగిన చెమ్మకు ఇంతకంటె తగిన ఉదాహరణము మాకు కనబడలేదు. లోపము బయటపడినపుడు సరకును తిరిగి ఇచ్చు హక్కు కొనువానికి ఉన్నదని మన ధర్మశాస్త్రజ్ఞులు 'ఖియారుల్ ఐబ్' అను పేరున వివరించిరి.

ఇక ఆ వృద్ధురాలి సంగతి. ఆమె దేనిని దాచలేదు. భర్త గతించిన పిదప ఆమె మిద్దె ఎక్కలేదు. రంగు వేయించినది మధ్యవర్తి. చీటీని చదివి వినిపించగా ఆమె, "నేను రోజూ దీని కిందే పండుకుంటిని గదా బాబూ" అని మాత్రమే అనెను. చీటీలోని మొత్తములో సగము ధర నుండి తగ్గించుటకు ఆమె ఒప్పుకొనెను. తక్కిన సగము మేము భరించితిమి. ఇల్లు అప్పగించు వరకు ఆమె ముందు గదిలోనే నిద్రించునట్లు చూచి, స్లాబు క్రింద పోటు కఱ్ఱలను ఆ మరునాడే నిలిపించితిమి. ఆ ఖర్చు ఎవరిదని అడుగుటకు ఎవరికిని నోరు రాలేదు.

విద్యార్థులకు మా మనవి ఇది. ఈ వేసవి సెలవులలో, మృగశిర ప్రవేశించుటకు ముందు, ఒక ఆదివారము మీ ఇంటిని మీరే చూడుడు. కప్పు ఎక్కి నీటి గొట్టమును శుభ్రపరచుడు. దూలముల కొసలను గుచ్చి చూడుడు. గోడల అడుగును, స్లాబు అడుగును తట్టి వినుడు. పగులుపై తేదీ వ్రాయుడు. ఫ్యూజులోని తీగెను ఎలక్ట్రీషియనుకు చూపుడు. కనుగొన్న దానిని ఒక కాగితముపై వ్రాసి మీ తండ్రిగారి చేతికిండు. అద్దె ఇంటిలో ఉన్నవారు ఇంటి యజమానికి ఇండు. ఆయన కోపపడినను ఇండు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ వినయముతో ఒక్క మాట. మన తరగతి గదుల కప్పుల క్రింద ప్రతి దినము వందలకొలది పిల్లలు కూర్చుందురు. వర్షములకు ముందు ఒక మేస్త్రిని పిలిపించి ఆ కప్పులను తట్టించుటకు పట్టునది ఒక్క దినపు కూలి. ఆ దినమున ఆయన వెంట నిచ్చెన పట్టుకొని నడచుటకు మేమును మా విద్యార్థులును సిద్ధముగా ఉన్నాము.